చిన్న మర, పెద్ద చేయి: రెండు మిల్లీమీటర్ల ట్యాపు ఎందుకు విరుగుతుంది

విజయవాడ ఆటోనగర్‌లో లారీ పనులు చేసే షెడ్డులో పన్నెండు మిల్లీమీటర్ల ట్యాపు, అంటే రంధ్రం లోపలి గోడకు మర కోసే ఉక్కు పనిముట్టు, తిప్పడాన్ని ఎవరూ ఆగి చూడరు. ఇనుప పలకలో రంధ్రం వేస్తారు, ట్యాపు మూతి ఆనిస్తారు, మూరెడు పిడిని రెండు చేతులా పట్టుకుని నడుము వంచి తిప్పుతారు. టీ చల్లారేలోగా మర సిద్ధమవుతుంది. అదే మనిషికి ఇత్తడి ముక్క ఇచ్చి రెండు మిల్లీమీటర్ల మర కొట్టమంటే, మొదటి రెండు మూడు రంధ్రాల్లోనే ట్యాపు టిక్కుమని విరగడం ఖాయమనే చెప్పాలి. అందులో పనితనం లోపమేమీ లేదు. ఇన్నేళ్లుగా చేయి నేర్చుకున్న అంచనా వేరే పరిమాణానికి చెందినది, అంతే. రైలింజన్లు, వంతెనలు, బ్యారేజీల నమూనాలు లోహంతో చేసేవారికి ఎదురయ్యే మొదటి పెద్ద ఆటంకం ఇదే.

నమూనాకు అసలు మర ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. ఊరికి దగ్గర్లోని కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేసేవారు చేతులు, తలలు విడిగా చెక్కి, చింతగింజల పిండితో చేసిన మక్కుతో అతుకుతారు. ఆ అతుకును మళ్లీ విప్పే పనుండదు. రైలింజను నమూనా సంగతి అది కాదు. చక్రాలు తుడవాలంటే బోగీ ఊడదీయాలి, మోటారు కాలిపోతే పైకప్పు ఎత్తాలి. జిగురుతోనో టంకంతోనో మూసేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. కాబట్టి విప్పాల్సిన చోట మర, విప్పనక్కరలేని చోట టంకం. ఇంకో సంగతి కూడా ఉంది. అసలు వంతెనలో 24 మిల్లీమీటర్ల బోల్టు 87వ వంతు నమూనాలో 0.28 మిల్లీమీటర్లకు దిగిపోతుంది. దానికి మర కొట్టడం ఎవరి తరమూ కాదు. అందుకే పైకి కనిపించే బోల్టు తలలన్నీ అలంకారమే. అసలు బరువు మోసే ఎం2, ఎం1.6 స్క్రూలు (ఎం తర్వాతి అంకె మర వ్యాసం, మిల్లీమీటర్లలో) కింద ఎక్కడో కనపడకుండా దాక్కుంటాయి.

ఇక విరగడం సంగతి. మెలితిప్పే బలాన్ని తట్టుకునే శక్తి కడ్డీ వ్యాసపు ఘనాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం సగమైతే శక్తి ఎనిమిదో వంతు అవుతుంది. ఎం12 మర లోపలి వ్యాసం సుమారు 9.85 మిల్లీమీటర్లు, ఎం2 మరకు 1.5. ఈ లెక్కన చిన్న ట్యాపు బలం పెద్దదానిలో సుమారు 280వ వంతు. నిజమే, చిన్న ట్యాపు కోసే లోహమూ తక్కువే. కోత భారం ఇంచుమించుగా పిచ్ (పక్కపక్క మర చుట్ల మధ్య దూరం) వర్గాన్ని, వ్యాసాన్ని బట్టి ఉంటుందనుకుంటే, పిచ్ 1.75 నుంచి 0.4కు తగ్గినందువల్ల ఆ భారం సుమారు 115వ వంతుకు దిగుతుంది. అంటే బలం తగ్గినంతగా పని తగ్గలేదు. పొరపాటుకు మిగిలే జాగా సగానికన్నా తక్కువ. ఇది ఉజ్జాయింపు లెక్కే అయినా దారి చూపడానికి చాలు.

అయితే ఇది కథలో చిన్న భాగమే. కోత సరిగ్గా సాగుతున్నప్పుడు ట్యాపు మెలి తట్టుకోలేక విరగడం నిజానికి అరుదు. ఎక్కువగా విరిగేది పక్కకు వంగడం వల్ల. రంధ్రానికి పైన నాలుగు సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న పిడి మీద అర కిలో బరువు పక్కకు ఒరిగిందనుకుందాం. ఆటోనగర్ చేతికి అర కిలో అంటే ఈగ వాలినట్టు. కానీ ఒకటిన్నర మిల్లీమీటర్ల గుండ్రటి కడ్డీ మొదట్లో అది చదరపు మిల్లీమీటరుకు దాదాపు 60 కిలోల ఒత్తిడిగా మారుతుంది. ట్యాపు గుండ్రటి కడ్డీ కూడా కాదు. రజను బయటికి రావడానికి గాడులు తీసినది, అందులో కొంత భాగం ఖాళీయే. పైగా దాన్ని గట్టిపరిచారు. గట్టిపడిన ఉక్కు వంగి హెచ్చరించదు, నేరుగా విరుగుతుంది. పెద్ద ట్యాపు కాస్త ఒరిగితే రంధ్రమే దాన్ని సర్దుతుంది, చిన్నదానికి ఆ అవకాశం లేదు. చేతిలో పొడుగాటి పిడి ఉన్నంతసేపూ ప్రమాదమే. రెండు కొనల మీద రెండు చేతులు పడతాయి, ఒక చేయి ఇంకో చేతికన్నా వెంట్రుకవాసి ఎక్కువ నొక్కుతుంది.

చిన్న మరను ఎలా తిప్పాలో తెలిసినవారు ఊళ్లో లేరా అంటే, ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. చెవిదిద్దు వెనక శీల బిగించే చేతులను చూస్తే చాలు. బొటనవేలు, చూపుడువేలు మాత్రమే కదులుతాయి. మణికట్టు కదలదు, భుజం సంగతి చెప్పనక్కరలేదు. మర పట్టిందా, పక్కకు పోయిందా అన్నది కంటికి కనిపించని చోట వేలికొసే చెబుతుంది. తప్పుగా పట్టిందనిపిస్తే వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెడతారు, బలవంతం చేయరు. బంగారం మెత్తన, ఒక్కసారి బలవంతం చేస్తే మర పోతుందని అమ్మమ్మల కాలం నుంచీ తెలుసు. రెండు మిల్లీమీటర్ల ట్యాపుకు కావలసింది సరిగ్గా ఆ స్పర్శే. పిడి ఉన్న ట్యాపు రెంచ్ పక్కన పెట్టి, పెన్సిలంత లావుండే చిన్న చేతిపట్టు, పిన్ వైస్‌లో ట్యాపు బిగించి వేలికొసలతో తిప్పితే, ట్యాపును విరిచేటంత బలం పెట్టడమే కష్టమవుతుంది. రక్షణ జాగ్రత్తలో కన్నా పరికరం లావులోనే ఎక్కువగా ఉంది. జాగ్రత్త నలభయ్యో రంధ్రానికి అలసిపోతుంది, సన్నటి పిడి అలసిపోదు.

ట్యాపు ముట్టుకునేలోపే దాని తలరాత సగం రాసేసేది డ్రిల్లు బిట్టు. ఇక్కడ కొంచెం నిలబడి చూడాలి. ఎం2 మరకు 1.6 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలని ప్రతి పట్టికా చెబుతుంది. ఎం1.6కు 1.25, ఎం1కు 0.75. ఈ అంకెలన్నిటి వెనక ఒకే సూత్రం ఉంది. మర వ్యాసం నుంచి పిచ్ తీసివేయడం. ఎం2లో పిచ్ 0.4 కాబట్టి 1.6. ఎం12లో పిచ్ 1.75 కాబట్టి 10.25, దాన్ని 10.2 చేశారు. ఇలా వేసిన రంధ్రంలో మర ఎంత లోతుగా పడుతుందంటే, పూర్తి మరలో సుమారు 77 శాతం. ఏ పరిమాణమైనా ఇదే శాతం. సూత్రమే అలాంటిది.

77 శాతం ఎం12కు సబబే. లారీ బరువు దాని మీద పడుతుంది. కానీ మర బలం శాతంతో పాటు అదే నిష్పత్తిలో పెరగదు. నూరు శాతం మర 75 శాతం మరకన్నా కేవలం ఐదు శాతం మాత్రమే ఎక్కువ బలమైనదనీ, దాన్ని కోయడానికి మాత్రం మూడింతల మెలి కావాలనీ యంత్రశాల కరదీపికలు ఏనాటి నుంచో చెబుతున్నాయి. అంటే శాతం నూరుకు దగ్గరయ్యేకొద్దీ బలం గోరంత పెరిగితే ట్యాపు మీద భారం కొండంత పెరుగుతుంది. దీన్నే తక్కువ శాతం వైపు నుంచి చదివితే నమూనాకారుడికి మేలు కనిపిస్తుంది. ఎం2కు 1.6 బదులు 1.65 బిట్టు వాడితే మర 67 శాతానికి దిగుతుంది, 1.7 వాడితే 58కి. మూడు మిల్లీమీటర్ల లోతున్న ఇత్తడిలో ఏడు చుట్లు పడతాయి. అన్ని చుట్లలో 58 శాతం మర ఉన్నా, దాని మీద వేలాడేది వంద గ్రాముల పైకప్పు. మర ఊడేలోగా స్క్రూ తల మీది గాడి చెడిపోతుంది. అయినా పట్టికలో ఉందని 1.6 పట్టుకుని కూర్చునేవారు చాలామంది. పట్టిక అందరి కోసం రాసింది. అందులో లారీ వాళ్లూ ఉన్నారు.

రివర్సు తప్పు ఇంకా దారుణం. దగ్గర్లో 1.6 బిట్టు దొరక్క, పెట్టెలో ఉన్న 1.5 వేస్తే మర 96 శాతానికి ఎక్కుతుంది. తేడా మిల్లీమీటరులో పదో వంతే కదా అనిపిస్తుంది. పన్నెండు మిల్లీమీటర్ల మరలో ఆ పదో వంతు నాలుగైదు శాతం తేడా మాత్రమే తెస్తుంది, ఇక్కడ ఇరవై శాతం. హార్డ్‌వేర్ దుకాణాల్లో బిట్లు ఎక్కువగా అర మిల్లీమీటరు తేడాతో దొరుకుతాయి. 1.5 తర్వాత 2. చిన్న మర కొట్టాలనుకునేవారు ట్యాపు కొనకముందే 1.25, 1.3, 1.65, 1.7 బిట్లు సంపాదించుకోవాలి. ట్యాపులు తయారుచేసే కంపెనీలకు ఈ సలహా లాభం కాదు గానీ, ట్యాపు కన్నా బిట్టు మీద పెట్టిన డబ్బే ఎక్కువ కాలం నిలుస్తుంది.

బిట్టు సరైనదైనా రంధ్రం నిటారుగా పడకపోతే అంతా వృథా. పెద్ద పిల్లర్ డ్రిల్లు యంత్రాల్లో బిట్టును పట్టే చక్ పదమూడు మిల్లీమీటర్ల బిట్లు పట్టడానికి చేసినది. ఒకటిన్నర మిల్లీమీటర్ల లోపు సన్న బిట్టు చాలాసార్లు అందులో నిలవదు, నిలిచినా ఊగుతుంది. ఊగే బిట్టు 1.6 అయినా రంధ్రం 1.75 కావచ్చు, మూతి దగ్గర ఇంకా వెడల్పు కావచ్చు. పిన్ వైస్‌ను చక్‌లో బిగించి అందులో బిట్టు పెట్టడం చవకైన ఉపాయం. చిన్న గుంట పెట్టే సెంటర్ పంచ్ దెబ్బ ఒకటి లేకుండా సన్న బిట్టు ఇత్తడి మీద జారి ఎటో పోతుంది. ఇత్తడికి ఇంకో దుర్గుణం ఉంది. బిట్టు అవతలికి తేలే క్షణంలో లోహం దాన్ని పట్టుకుని లాక్కుంటుంది. బిట్టు కోత అంచును ఆకురాయితో కొద్దిగా మొద్దు చేస్తే ఆ లాగుడు తగ్గుతుంది. పదును తగ్గించడం మేలన్న మాట నమ్మడం కష్టమే, ఇత్తడిలో అది నిజం.

రంధ్రం వేసిన వెంటనే, పనిముక్కను అంగుళం కూడా కదపకుండా, బిట్టు తీసి అదే చక్‌లో ట్యాపు పెట్టి, ప్లగ్గు పీకేసి, చక్‌ను చేత్తో తిప్పడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. బిట్టు దిగిన దారినే ట్యాపు దిగుతుంది, పక్కకు ఒరగడానికి వీలే లేదు. మొదటి నాలుగు చుట్లు అలా పట్టించాక చక్ వదిలేసి పిన్ వైస్‌తో పూర్తి చేయవచ్చు. యంత్రమే లేనివారు పది మిల్లీమీటర్ల మందమున్న ఇత్తడి దిమ్మలో సరిగ్గా రెండు మిల్లీమీటర్ల రంధ్రం నిటారుగా వేయించుకుంటే, ఆ దిమ్మ ట్యాపుకు మార్గదర్శి అవుతుంది. మూలమట్టం పెట్టి చూసిన ఒక దిమ్మ వందల రంధ్రాలకు పనికొస్తుంది. ఏ లేత్ షెడ్డులోనైనా పావుగంటలో చేసిచ్చే పని.

ఈ శ్రద్ధంతా అతి అనిపించేవారికి ఒక లెక్క. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు, గేట్లు 70. ఒక్కోటి 40 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు. దీన్ని 200వ వంతుకు తగ్గించి నమూనా చేస్తే ఆరు మీటర్ల పొడవుంటుంది, ఒక్కో గేటు 61 మిల్లీమీటర్ల వెడల్పు, 18 మిల్లీమీటర్ల ఎత్తు వస్తుంది. గేటుకు రెండు ఎం1.6 స్క్రూలు చొప్పున 140 మరలు కొట్టాలి. నూరు రంధ్రాలకు ఒక్క ట్యాపు మాత్రమే విరిగేంత నేర్పరి ఈ పనికి కూర్చున్నా, 140 రంధ్రాలూ ఒక్క విరుపు కూడా లేకుండా ముగిసే అవకాశం నాలుగింట ఒక వంతే. రెండు వందలకు ఒకటి విరిగే నేర్పు ఉంటే ఆ అవకాశం సగానికి వస్తుంది. వెయ్యికి ఒకటి అన్న స్థాయి చేరితే గానీ 87 శాతానికి ఎక్కదు. విరిగేది చివరి గేట్లలో, టంకమూ రంగూ అయిపోయాక కూడా కావచ్చు. అందుకే నేర్పు పెంచుకోవడం కన్నా, రంధ్రం 1.25 బదులు 1.3 వేయడం లాంటి చిన్న వెసులుబాట్లు పనికొస్తాయి. వాటి ఫలితం ప్రతి రంధ్రంలోనూ పునరావృతమవుతుంది.

బ్యారేజీ గేట్ల కొలతలు అడుగుల్లో ఉండడం గమనించే ఉంటారు. దేశంలో మెట్రిక్ కొలతలు 1958 అక్టోబరు నుంచి మొదలయ్యాయి. అంతకుముందు మరలు ఎక్కువగా బ్రిటిష్ పద్ధతివి. పెద్దవి 55 డిగ్రీల కోణంతో 1841లో విట్‌వర్త్ ప్రతిపాదించిన మరలు, చిన్నవి బీఏ (బ్రిటిష్ అసోసియేషన్) మరలు. ఈ రెండోది చిత్రమైన పద్ధతి. సున్నా నంబరు మర 6 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు పిచ్. ఆ తర్వాత ప్రతి నంబరుకూ పిచ్ పది శాతం చొప్పున తగ్గుతుంది. కోణం 47½ డిగ్రీలు. బ్రిటిష్ వారి మర లోపల మిల్లీమీటరు దాక్కోవడానికి కారణం, దాని మూలం స్విట్జర్లాండ్ గడియారాల పనివారిది కావడం.

ఇది చరిత్ర కాలక్షేపం కాదు. పాత పనిముట్ల గుట్టల్లో, పాత విద్యుత్ సామగ్రిలో బీఏ స్క్రూలు, ట్యాపులు ఇప్పటికీ దొరుకుతుంటాయి. 8 బీఏ మర 2.2 మిల్లీమీటర్ల వ్యాసం, 0.43 పిచ్. మెట్రిక్ ఎం2.2 అదే వ్యాసం, 0.45 పిచ్. కంటికి కవలలు. ఒకదాని స్క్రూ మరోదాని రంధ్రంలో రెండు చుట్లు హాయిగా వెళ్తుంది, మూడో నాలుగో చుట్టులో బిగుసుకుంటుంది. రజను అడ్డుపడిందనుకుని బలం పెడితే రెండూ పోతాయి. ఎం1.6కూ 10 బీఏకూ మధ్య ఇంకో మోసం ఉంది. పిచ్ రెండింటికీ 0.35, వ్యాసం మాత్రం 1.6, 1.7. కొత్త స్క్రూలు కావాలంటే బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల సందుల్లోని ఫోను మరమ్మతు దుకాణాల డబ్బాలు మంచి గని. అక్కడివి ఎం1.2, ఎం1.4 మెట్రిక్ మరలే ఎక్కువ. కళ్లజోళ్ల స్క్రూల్లోనూ ఎం1.4 సాధారణం. స్క్రూ ముందు కొని, దాన్ని కొలిచి, తర్వాత ట్యాపు కొనడం తెలివైన వరస.

నూనె గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. సీసం కలిసిన ఇత్తడి కడ్డీకి పొడిగా కోసినా ఫరవాలేదు, అల్యూమినియానికి కిరోసిన్, ఉక్కుకు కోత నూనె. రాగి బంకలా సాగి ట్యాపును పట్టుకుంటుంది, వీలైతే మానేయడమే మంచిది. స్టెయిన్‌లెస్ ఉక్కు జోలికి పోతే మధ్యలో ఆగి రుద్దిన చోటల్లా అది మరింత గట్టిపడుతుంది. అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనక్కి తిప్పి తురుమును తెంపడం అందరికీ తెలిసిందే. అడుగు మూసుకున్న రంధ్రంలో మాత్రం అది చాలదు. తెగిన తురుము అడుగునే పేరుకుంటుంది, ట్యాపు దాన్ని తాకి ఆగిందా, అడుగును తాకి ఆగిందా అన్నది తెలియదు. వీలున్న ప్రతిచోటా రంధ్రాన్ని అవతలికి తేల్చడం, వీలుకాకపోతే మరకు కావలసినదానికన్నా రెట్టింపు లోతు తవ్వడం, రెండు మూడు చుట్లకోసారి ట్యాపు పూర్తిగా బయటికి తీసి తుడవడం తప్ప దారి లేదు.

అర మిల్లీమీటరు రేకులో ఎం2 మర కొట్టే ప్రయత్నం కూడా తరచూ కనిపిస్తుంది. 0.4 పిచ్‌కు అర మిల్లీమీటరులో పట్టేది ఒకటింపావు చుట్టు. అది మర కాదు, గీత. రేకు వెనక నట్టునో, ముందే మర కొట్టిన ఇత్తడి బిళ్లనో టంకంతో అతకడమే సరైన పని. టంకం నట్టు లోపలికి పాకకుండా ఉండాలంటే, నూనె రాసిన స్టెయిన్‌లెస్ స్క్రూను నట్టులో ఉంచి అతికితే సరి.

ఇంత చేసినా ఏదో ఒకనాడు టిక్కుమనే చప్పుడు వినిపిస్తుంది. విరిగిన ముక్క రంధ్రంలో, పైకి ఏమీ పొడుచుకురాకుండా ఉంటుంది. సన్న పట్టకారుతో పీకబోతే ఇంకా లోపలికి బిగుస్తుంది. డ్రిల్లు దానిమీద పనిచేయదు. ఇత్తడి ముక్క అయితే మందు గుమ్మానికే వేలాడుతోంది. దిష్టి తగలకుండా కట్టే పటిక. గడియారాలు బాగుచేసేవారి పాత కిటుకు ఇది. గాజు పాత్రలో వేడినీళ్లు పోసి, కరిగినంత పటిక కరిగించి, ఇత్తడి భాగాన్ని అందులో ముంచి, మరగనివ్వకుండా వేడిగా ఉంచాలి. ద్రావణంలోని ఆమ్లగుణం ఉక్కును తింటుంది, ఇత్తడిని దాదాపు ముట్టుకోదు. రంధ్రం మూతి నుంచి సన్న బుడగలు వస్తుంటే పని జరుగుతున్నట్టు. నీరు ఇగిరితే కలుపుతూ ఉండాలి. కార్బన్ ఉక్కు ట్యాపు కొన్ని గంటల్లోనే నల్లటి మెత్తని ముద్దగా మారవచ్చు. హైస్పీడ్ ఉక్కుకు ఒకటి రెండు రోజుల ఓపిక కావాలి. వేడి ద్రావణం దగ్గర కిటికీ తెరిచి ఉంచాలి, కళ్లకు అద్దాలు ఉండాలి. ఇనుప గిన్నె వాడితే పటిక ముందు గిన్నెను తింటుంది. పనిముక్కలో ఇంకెక్కడైనా ఉక్కు పిన్నులు, ఇరుసులు ఉంటే ముందే ఊడదీయాలి. పనిముక్కే ఉక్కుదైతే ఈ మందు లేనట్టే. నమూనాకు ఇత్తడి ఎంచుకోవడానికి ఇదొక్కటే చాలినంత కారణం.

ముక్క కరిగిపోయాక సూదితో గీరి, నీళ్లతో కడిగి వెలుతురుకు పెట్టి చూస్తే, విరిగేలోపు కోసిన రెండు మూడు చుట్లు రంధ్రంలో అలాగే ఉంటాయి. కొత్త ట్యాపును ఆ చుట్ల మీద నేరుగా ముందుకు తిప్పితే పాత మరకు అడ్డంగా కొత్త మర పడే ప్రమాదముంది. వేలికొసలతో ముందు వెనక్కి తిప్పాలి, శీల పెట్టేటప్పుడు తిప్పినట్టే. ఒకచోట ట్యాపు వెంట్రుకంత కిందికి దిగినట్టు వేలికి తెలుస్తుంది. పాత మర మొదలు అక్కడే ఉంది. అక్కడి నుంచి ముందుకు.